ప్రయాణం చేసొచ్చిన కంప్యూటరు



ఈ పూట ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు గురించి మాట్లాడదామని వచ్చాను. పదేళ్లో పదిహేనేళ్లో వాడి వాడి ఇంట్లో మనిషిలా అయిపోయిన, మనవాళ్లు సీపీయూ అని పిలుచుకునే ఆ ఇనప పెట్టె గురించి. ఒక ఊళ్లో అది చక్కగా పనిచేసింది. దాన్ని అట్టపెట్టెలో సర్ది ఇంకో ఊరికి పంపారు. అక్కడ విప్పి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కితే ఉలకదు, పలకదు. లేదంటే ఫ్యాన్లు తిరుగుతాయిగానీ తెర మీద ఏమీ రాదు. చాలామంది అక్కడితో 'దీని పని అయిపోయింది' అనేస్తారు. లోపలి భాగాలకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ కొత్తది కొనేస్తారు, కొత్త ర్యామ్ కొనేస్తారు, చివరికి మొత్తం పెట్టెనే అవతల పారేస్తారు. అలా పారేసినవాటిలో చాలావాటికి అసలు ఏ భాగమూ పాడైపోలేదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకలా నమ్ముతానో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందుగా ఊరి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో ఊరికి పెద్ద పాత్రే ఉంది. జర్మనీలో హార్జ్ అనే కొండలున్నాయి. వాటి మీద, సముద్ర మట్టానికి 560 మీటర్ల పైచిలుకు ఎత్తులో, క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు క్లాస్తాల్ వేరు, జెల్లర్‌ఫెల్డ్ వేరు. 1924లో రెండూ ఒకటయ్యాయి. వెండి, సీసం తవ్వుకుని బతికిన నేల అది. గనుల చదువు కోసం 1775లో అక్కడ మొదలైన బడే ఇవాళ్టి క్లాస్తాల్ సాంకేతిక విశ్వవిద్యాలయం. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోహ్ 1843లో పుట్టింది ఆ ఊళ్లోనే. నేను అక్కడ కొన్నేళ్లు ఉన్నాను. కొత్తగూడెంలోనో ధన్‌బాద్‌లోనో మైనింగ్ చదువుకుని పైచదువులకు వచ్చిన మన తెలుగు పిల్లలు అక్కడ కనిపిస్తారు. పెట్రోలియం, మెటీరియల్స్, కంప్యూటర్ సైన్సు చదివేవాళ్లూ వస్తారు. ఊరికి రైలు లేదు. ఒకప్పుడు ఉండేది, 1970ల్లో ఆపేశారు. కింద గోస్లార్‌లో రైలు దిగి, బస్సెక్కి, అడవిలో మలుపులు తిరుగుతూ పైకి రావాలి. పార్సిలు కూడా లారీలో అదే కొండ ఎక్కి రావాలి. చలికాలమైతే ఆ లారీ వెనక భాగంలో ఎంత చలి ఉంటుందో ఊహించుకోండి.

అలాంటి ఒక జనవరి శనివారం సాయంత్రం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. దక్షిణ జర్మనీలో చదువు ముగించుకుని వెళ్లిపోయిన ఒక సీనియర్ తన పాత డెస్క్‌టాప్‌ను అతనికి ఇచ్చాడు. వేసవి నుంచీ అది ఒక అపార్ట్‌మెంటు కింద, అక్కడివాళ్లు కెల్లర్ అనే నేలమాళిగలో పడుంది. ఎవరో దయతలచి ప్యాక్ చేసి పంపారు. 'ఆ పాత డబ్బా నీకెందుకయ్యా, ల్యాప్‌టాప్ ఉందిగా' అని అడిగాను. 'అన్నా, నా థీసిస్‌కి కావాల్సిన సాఫ్ట్‌వేర్ అందులోనే ఉంది. లైసెన్సు ఆ మెషీన్‌కే ముడిపెట్టి ఉంది. కొలతల పరికరానికి తగిలించే కార్డు కూడా అందులోనే ఉంది. ఇప్పటి కంప్యూటర్లలో ఆ కార్డు పట్టే స్లాటే లేదు' అన్నాడు. ఈ మాటని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలల్లో, ఎన్నో కార్ఖానాల్లో, మన ఊళ్లలో డీటీపీ సెంటర్లలో కూడా పాత కంప్యూటరు ఇంకా నడుస్తోందంటే కారణం ఇదే. దాంతో జతపడిన పరికరం ఇంకా బాగానే ఉంటుంది. దాన్ని నడిపే పెట్టె పోతే పరికరం కూడా పనికిరాకుండా పోతుంది.

'ప్లగ్గు పెట్టేశా అన్నా, ఆన్ చెయ్యనా?' అన్నాడు. 'వద్దు. ప్లగ్గు తీసెయ్. రేపు పొద్దున వస్తాను, అప్పటిదాకా మళ్లీ అట్టపెట్టెలో పెట్టి, మూసి గదిలో ఓ మూల ఉంచు' అన్నాను.

ఎందుకు వద్దన్నానో చెబుతాను. మన ఎండల్లో పెరిగినవాళ్లకు ఈ ప్రమాదం తట్టదు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకి చెమట పట్టినట్టే, చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చిన ఇనప పెట్టెకీ చెమట పడుతుంది. గదిలో 20 డిగ్రీల వెచ్చదనం, 50 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి తగిలిన వస్తువు దాదాపు 9 డిగ్రీలకంటే చల్లగా ఉంటే దాని మీద నీటి బిందువులు పేరుకుంటాయి. లారీలోంచి దిగిన కంప్యూటరు సున్నా దగ్గరో, ఇంకా కిందో ఉంటుంది. తడి మదర్‌బోర్డు మీద, హార్డ్ డిస్కు సర్క్యూటు మీద, ఎస్‌ఎంపీఎస్ లోపల కూడా చేరుతుంది. ఆ తడితో ఆన్ చేస్తే, ప్రయాణంలో పాడవని కంప్యూటరు ఇంటికొచ్చాక పాడవుతుంది. అందుకే పెట్టె తెరవకుండా వదిలెయ్యాలి. తెరిస్తే వెచ్చటి తేమగాలి ఒక్కసారిగా చల్లటి భాగాలకు తగులుతుంది. మూసి ఉంచితే లోపల మెల్లగా వేడెక్కుతుంది. ఒక రాత్రంతా ఉంచితే మరీ మంచిది.

మర్నాడు నేను వెళ్లేసరికి తమ్ముడు ఇంటర్నెట్‌లో ఏవేవో చదివి, ఏయే భాగాలు కొనాలో జాబితా రాసి పెట్టుకున్నాడు. ఆ కాగితం పక్కన పెట్టమన్నాను. చాలాకాలం వాడుతూ వాడుతూ ఉండగా ఒకరోజు ఆగిపోయిన కంప్యూటరు వేరు, ప్యాక్ చేసేనాటికి పనిచేసి విప్పేనాటికి పనిచెయ్యనిది వేరు. మొదటిదాంట్లో ఏదో అరిగిపోయింది, కాలిపోయింది. అది ఏదైనా కావచ్చు. రెండోదాంట్లో మాత్రం జరిగింది మనకు తెలుసు: ప్రయాణం. కాబట్టి 'ఏం పాడైంది?' అని అడగకూడదు. 'ప్రయాణం దీన్ని ఏం చేసి ఉంటుంది?' అని అడగాలి. కుదుపు ఉంది, చలి ఉంది, కరెంటు లేకుండా గడిచిన కాలం ఉంది, ఒక్కోసారి దేశం మారడం కూడా ఉంది. ఈ నాలుగూ దాటి వేరే కారణం వెతకాల్సిన అవసరం చాలా తక్కువసార్లు వస్తుంది.

దేశం మారడం గురించి త్వరగా చెప్పేస్తాను. మన దేశంలోనూ జర్మనీలోనూ కరెంటు ఒకటే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు ఆకారమే వేరు. కంప్యూటరు వెనక దూరే వైపు కొస మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది కనుక అక్కడి కేబులొకటి కొనుక్కుంటే చాలు. ఎర్తు తగలని రెండు పిన్నుల ఎడాప్టరు మాత్రం వాడకండి. అమెరికా నుంచి వచ్చిన పాత కంప్యూటరైతే ఇంకో సంగతి చూడాలి. పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనక ఎర్రటి చిన్న మీట ఉంటుంది, 115 అనీ 230 అనీ రాసి ఉంటుంది. అది 115 మీద ఉండగా మన దగ్గరో జర్మనీలోనో ప్లగ్గు పెడితే క్షణంలో ఢామ్మని పేలుతుంది. పెట్టె ముట్టుకోకముందే ఆ మీట చూడండి. ప్రయాణంలో ఏ వేలో తగిలి కూడా మీట జరిగి ఉండొచ్చు.

ఇక కుదుపు. ఈ విషయంలో క్లాస్తాల్ ఊరికే ఒక చరిత్ర ఉంది. విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి ఆ ఊళ్లో ఉండేవాడు. లోతైన గనుల్లోంచి ఖనిజం పైకి లాగే ఇనప గొలుసులు ఉన్నట్టుండి తెగిపోతుండేవి. మోయగల బరువుకన్నా తక్కువే మోస్తున్నా తెగేవి. ఎక్కువ బరువు ఒక్కసారి వెయ్యడం వల్ల కాదు, చిన్న బరువే మళ్లీ మళ్లీ పడడం వల్ల లోహం అలిసిపోతోందని అతను గమనించాడు. గొలుసును అదేపనిగా వంచి చూసే ఏర్పాటుతో పరీక్షలు చేశాడు. లోహపు అలసట మీద జరిగిన తొలి పరీక్షలుగా ఇంజనీర్లు వాటినే చెప్పుకుంటారు. గొలుసుకు బదులుగా ఇనప తీగలు పేని చేసిన తాడును 1834లో అక్కడి కరోలీన్ గనిలో దించాడు. ఇవాళ మన అపార్ట్‌మెంట్లలో లిఫ్టును మోసేదీ, సింగరేణి గనుల్లో మనుషుల్ని పైకి తెచ్చేదీ ఆ తాడు సంతానమే. మన కంప్యూటరుకు ఇందులో ఏం పాఠముందంటే, పెట్టె కిందపడి ఉండక్కర్లేదు. అట్టపెట్టె మీద సొట్ట కూడా ఉండక్కర్లేదు. లారీలో వందల కిలోమీటర్లు సన్నగా వణుకుతూ వస్తే చాలు, బరువు వేలాడే ప్రతి భాగం కొంచెం కొంచెంగా తన చోటు వదులుతుంది.

బరువు వేలాడేది ఏది? అన్నిటికన్నా ముందు ప్రాసెసరు మీద కూర్చుని దాని వేడిని లాగే హీట్ సింకు, దాని ఫ్యాను. పెట్టె నిలబెట్టి ఉంటే ఆ బరువంతా మదర్‌బోర్డు మీద అడ్డంగా వేలాడుతుంది. ఇంటెల్‌వి 2004 తర్వాత వచ్చిన చాలా మోడళ్లలో ఈ హీట్ సింకును పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ పిన్నులే. వాటిలో ఒకటి ఊడినా హీట్ సింకు ఒక పక్కకు ఒరుగుతుంది, ప్రాసెసరుకు సరిగ్గా ఆనదు. అప్పుడు కంప్యూటరు ఆన్ అవుతుంది, కాసేపటికే ఆగుతుంది, మళ్లీ ఆన్ అవుతుంది. అది చూసి జనం ఎస్‌ఎంపీఎస్ పోయిందనుకుంటారు. నిజానికి ప్రాసెసరు మాడిపోకుండా తనను తాను కాపాడుకుంటోంది. ఏఎండీ పాత ప్రాసెసర్లలో చిక్కు ఇంకోరకం. వేడి హీట్ సింకుకు చేరడానికి మధ్యలో పూసే పేస్టు ఎండి గట్టిపడి, ప్రాసెసరును హీట్ సింకుకు అంటించేస్తుంది. గట్టి కుదుపు వస్తే లాక్ వేసి ఉన్నా ప్రాసెసరు సాకెట్లోంచి పెరుక్కుని రావచ్చు. అందుకని మీట నొక్కకముందే పక్క మూత విప్పి, హీట్ సింకును వేలితో మెల్లగా కదిపి చూడాలి. కదిలితే ఆన్ చెయ్యకండి. తీసి, పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి, నాలుగు పిన్నులూ టక్కుమని చప్పుడయ్యేలా నొక్కాలి.

మూత విప్పేముందు ఇంకో పని ఉంది, రేడియోలో చెప్పడానికి అనువైన పని: చెవి పెట్టడం. పెట్టెను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఒక పక్కకు వంచండి. లోపల ఏదైనా గలగలమని దొర్లిందా? అది ఊడిపోయిన స్క్రూ కావచ్చు. మదర్‌బోర్డుకీ వెనక రేకుకీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందే ఉంటుంది. ఆ సందులో స్క్రూ ఇరుక్కుంటే షార్టు అవుతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ ప్రమాదం పసిగట్టి కరెంటు ఇవ్వడానికే ఒప్పుకోదు. మీట నొక్కితే ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతుంది. దొర్లిన శబ్దం వస్తే ఆ స్క్రూ చేతికి దొరికేదాకా ప్లగ్గు జోలికి పోవద్దు.

మా తమ్ముడి పెట్టెలో ఏదీ దొర్లలేదు. హీట్ సింకు గట్టిగానే ఉంది. హీటరు వేసిన గదుల్లో చలికాలం గాలి బాగా ఎండిపోయి ఉంటుంది, ఉన్ని స్వెట్టరు వేసుకుని నాలుగడుగులు నడిస్తే చేతికి చురుక్కుమని తగులుతుంది. ఆ చురుకు ర్యామ్‌ను చంపగలదు. అందుకని స్వెట్టరు తీయించి, హీటరు గొట్టం మీద పెయింటు లేని చోట ఇద్దరం చేయి ఆనించి, అప్పుడు పని మొదలుపెట్టాం. గ్రాఫిక్స్ కార్డు తన స్లాటులో ఒక కొస పైకి లేచి ఉంది. నొక్కి కూర్చోబెట్టాం. హార్డ్ డిస్కు సాటా కేబుల్ వదులుగా ఉంది. తొలినాళ్ల సాటా కేబుళ్లకు పట్టి ఉంచే క్లిప్పు ఉండేది కాదు, అవి కుదుపుకు జారిపోతాయి. ప్రాసెసరుకు విడిగా కరెంటిచ్చే నాలుగు పిన్నుల ప్లగ్గు చూశాం. పసుపు తీగలు రెండు, నల్ల తీగలు రెండు ఉండే చిన్న ప్లగ్గు అది. ప్యాక్ చేసేవాళ్లు ఏదో తీయబోయి దాన్ని కూడా ఊడదీసి మళ్లీ పెట్టడం మరిచిపోతుంటారు. అది లేకపోతే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఇక్కడ అది సరిగ్గానే ఉంది. ఇంకోటి, గ్రాఫిక్స్ కార్డు ఉన్న పెట్టెకు మానిటర్ కేబుల్‌ను ఆ కార్డుకే పెట్టాలి. కొత్త చోట, కొత్త బల్ల కింద వంగి, అలవాటు లేని చేతులతో మదర్‌బోర్డుకు పెట్టేసి 'నో సిగ్నల్' అని బెంగపడేవాళ్లు బోలెడంతమంది.

ఆన్ చేశాం. ఫ్యాన్లు తిరిగాయి. తెర నలుపు. పెట్టెలో ఉన్న చిన్న స్పీకరు మాత్రం బీప్, బీప్ అని ఆగకుండా అరిచింది. ఆ అరుపు విన్నప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తమ్ముడు కంగారుపడ్డాడుగానీ, అరిచిందంటే మదర్‌బోర్డు బతికి ఉంది, ప్రాసెసరు బతికి ఉంది, తనను తాను పరీక్షించుకుంటూ ఒక మెట్టు దగ్గర ఆగి సాయం అడుగుతోంది. ఏ అరుపుకు ఏ అర్థమో బయోస్‌ను, అంటే కంప్యూటరును మేల్కొలిపే తొలి ప్రోగ్రామును, తయారుచేసినవాళ్లను బట్టి మారుతుంది. ఆగకుండా వచ్చే బీప్ చాలా పాత బోర్డుల్లో ర్యామ్ దొరకలేదని చెప్పడమే. స్పీకరు లేని పెట్టె మూగదైపోతుంది. ఆ స్పీకరు కొన్ని రూపాయల వస్తువు, పాత కంప్యూటరు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండాలి.

ప్లగ్గు తీసి ర్యామ్ బయటికి తీశాం. మన దగ్గర సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటరు దుకాణాల్లో బాగుచేసే కుర్రాళ్లు చటుక్కున పెన్సిల్ రబ్బరు తీసి ర్యామ్ కాళ్ల మీద రుద్దుతారు. పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ కాళ్ల మీద ఉన్న బంగారు పూత చాలా పల్చన, రబ్బరు దాన్ని అరగదీస్తుంది, పొడి స్లాటులో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన మెత్తటి గుడ్డతో తుడవడం మేలు. రెండు ర్యామ్‌లుంటే ఒకటే పెట్టి చూడాలి, అది రెండు చివర్లా క్లిప్పులు వాటంతటవే మూసుకునేదాకా దిగాలి. పెట్టాం. ఒక్క చిన్న బీప్. తెర వెలిగింది.

తెర వెలిగినా పని పూర్తి కాలేదు. అసలు చిక్కు అప్పుడే మొదలైంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం కూడా ఇదే. గడియారం ఎన్నో ఏళ్ల వెనక తేదీ చూపించింది. బయోస్ సెట్టింగులు దాచుకునే సీమోస్ లెక్క తప్పిందని, ముందుకు వెళ్లాలంటే ఎఫ్1 నొక్కమని ఒక వాక్యం కనిపించింది. నొక్కితే విండోస్ గుర్తు వచ్చి, వెంటనే నీలి తెర పడి, చివర 7బి అని ఉన్న తప్పు సంఖ్య కనిపించి, కంప్యూటరు మళ్లీ మొదటికి వచ్చింది. మళ్లీ అంతే. తమ్ముడి మొహం వాడిపోయింది. 'హార్డ్ డిస్కు పోయింది కదన్నా' అన్నాడు. ఇలాంటి చోటే మంచి కంప్యూటర్లు చెత్తకుండీ పాలవుతాయి.

జరిగింది ఇది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సిఆర్2032 బ్యాటరీ ఉంటుంది, 3 వోల్టులది. గడియారాన్ని నడిపేదీ, బయోస్ సెట్టింగులను గుర్తుంచేదీ అదే. కానీ కంప్యూటరు ప్లగ్గులో ఉన్నంతకాలం, ఆఫ్ చేసి ఉన్నా సరే, ఎస్‌ఎంపీఎస్ నుంచి సన్నగా ఒక ధార వస్తూ ఆ పని తనే చూసుకుంటుంది. బ్యాటరీకి విశ్రాంతే. అందుకే ఏళ్ల తరబడి బల్ల కింద ప్లగ్గులో ఉన్న కంప్యూటరుకు బ్యాటరీ ఎంత ముసలిదైపోయిందో ఎవరికీ తెలియదు. ప్లగ్గు తీసి, నేలమాళిగలో నెలల తరబడి ఉంచి, చలిలో లారీ ఎక్కించేసరికి బరువంతా ఆ బ్యాటరీ మీద పడింది. అది మధ్యలోనే చతికిలబడింది. దాంతో బయోస్ సెట్టింగులన్నీ కార్ఖానాలో పెట్టిన తొలి స్థితికి వెళ్లిపోయాయి.

ఆ సెట్టింగుల్లో ఒకటుంది, హార్డ్ డిస్కుతో ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పేది. ఐడీఈ అని ఒక పాత పద్ధతి, ఏహెచ్‌సీఐ అని కొత్త పద్ధతి. విండోస్‌ను ఏహెచ్‌సీఐలో ఎక్కించారు. బయోస్ ఇప్పుడు ఐడీఈకి తిరిగింది. విండోస్ లేచి తన డిస్కు కోసం చూస్తే తనకు తెలిసిన దారి లేదు. డిస్కు ఉంది, ఫైళ్లున్నాయి, థీసిస్ ఉంది. దారి తెలియక నీలి తెర వేస్తోంది. అప్పుడు విండోస్‌ను మళ్లీ ఎక్కించి ఉంటే? లైసెన్సు పోయేది, ఏళ్ల పని పోయేది, అదీ ఒక చిన్న బ్యాటరీ వల్ల.

బయోస్‌లోకి వెళ్లాలంటే డిలీట్ మీట నొక్కాలి. జర్మన్ కీబోర్డు మీద డిలీట్ అని ఉండదు, ఎంట్ఫ్ అని ఉంటుంది. వెళ్లి, ఏహెచ్‌సీఐ ఎంచుకుని, సేవ్ చెయ్యమంటే అవునా కాదా అంటూ వై నొక్కమంది. వై నొక్కితే కదలలేదు. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ అక్షరాలు చోట్లు మార్చుకుని ఉంటాయి. పాత బయోస్‌కు తెలిసింది అమెరికా కీబోర్డే. జెడ్ అని రాసి ఉన్న మీట నొక్కితే సేవ్ అయింది. విండోస్ తెరుచుకుంది. సీనియర్ పెట్టుకున్న చార్మినార్ బొమ్మ డెస్క్‌టాప్ మీద కనిపించగానే తమ్ముడు లేచి నిలబడ్డాడు.

బ్యాటరీ ఆ రోజే మార్చలేకపోయాం. ఆదివారం జర్మనీలో దుకాణాలు మూసేస్తారు. అందుకని బ్యాటరీ దొరికేదాకా ప్లగ్గు తియ్యకుండా ఉంచి, తేదీ సరిచేశాం. తేదీ తప్పుగా ఉంటే ఇంటర్నెట్‌లో ప్రతి సైటూ నమ్మదగింది కాదని బ్రౌజరు మొరాయిస్తుంది. అది చూసి వైరస్ అనుకునేవాళ్లున్నారు. సోమవారం కిరాణా సూపర్ మార్కెట్లోనే కొత్త బ్యాటరీ దొరికింది. పాతదాన్ని అక్కడే తిరిగివ్వడానికి డబ్బా కూడా ఉంటుంది, బ్యాటరీలు అమ్మే దుకాణం పాతవి తీసుకోవాలని అక్కడ చట్టం. మల్టీమీటరు ఉన్నవాళ్లు కొలిచి చూడండి, 2.7 వోల్టులకన్నా తగ్గితే మార్చెయ్యండి.

ఆ ఆదివారం మేం చేసిన ఆఖరి పని, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది, ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చెయ్యడం. ఆగి ఉన్న హార్డ్ డిస్కు తిరుగుతున్న డిస్కుకన్నా ఎన్నో రెట్లు దెబ్బలు ఓర్చుకుంటుంది, దాని సూది పక్కకు జరిగి భద్రంగా ఉంటుంది. అయినా వయసైన డిస్కును నమ్మకూడదు. తెరుచుకున్న తొలి గంటలో ఆటలు, అప్‌డేట్లు ఏవీ వద్దు, కాపీ ఒక్కటే. డిస్కులోంచి టక్ టక్ మని లయగా శబ్దం వస్తుంటే మాత్రం ఆ క్షణమే ఆపెయ్యండి. తిరిగిన కొద్దీ డేటా పోతుంది.

ఇంతసేపూ ప్రాణమున్న కంప్యూటరు గురించే చెప్పాను. ఏమాత్రం ఉలకని పెట్టె ఎదురైతే ముందు గోడ సాకెట్టు, కేబులు, ఎస్‌ఎంపీఎస్ వెనక మీట చూడండి. తర్వాత కేబినెట్ ముందు మీట నుంచి మదర్‌బోర్డుకు వచ్చే రెండు సన్నటి తీగలు చూడండి, అవి ఇట్టే ఊడిపోతాయి. ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్షించే పద్ధతి ఒకటుంది. తెలిసినవాళ్ల పక్కన నేర్చుకోవాల్సిన పని అది, పైగా కొన్ని కంపెనీల ఆఫీసు మోడళ్లలో తీగల అమరికే వేరు. పనిచేస్తున్న ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి తగిలించి చూడడం మేలు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకండి. 230 వోల్టుల కరెంటు అందులో సుమారు 325 వోల్టుల డీసీగా నిల్వ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు. అది ప్రాణం తీస్తుంది.

మదర్‌బోర్డు మీద పొట్ట ఉబ్బిన కెపాసిటర్లు కనిపిస్తే అది ప్రయాణం తప్పు కాదు. 2000 తర్వాతి ఏడెనిమిదేళ్లలో తయారైన ఎన్నో బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు పడ్డాయి. నెలల తరబడి కదలకుండా పడుండి మళ్లీ ఆన్ చేసినప్పుడు అవి చేతులెత్తేస్తాయి. అలాగే, ఎలక్ట్రానిక్ పరికరాల్లో సీసం వాడకూడదని యూరప్‌లో 2006 జూలై 1 నుంచి నియమం వచ్చింది. సీసం లేని టంకం దెబ్బ తగిలితే త్వరగా చిట్లుతుంది. ఆ అతుకులు చిట్లిన బోర్డును ఇంట్లో బాగుచెయ్యలేం, టంకం పని తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇలాగే ప్రయాణం కట్టి అటకెక్కిన ఇంకో యంత్రం ఇక్కడ గుర్తొస్తుంది, దాన్ని చేయించినాయనకు క్లాస్తాల్‌తో సంబంధముంది. ఒకట్లు, సున్నాలతో లెక్కలు చెయ్యవచ్చని 1679లోనే రాసిపెట్టిన గణితవేత్త లైబ్నిట్స్, గనుల్లో నీళ్లు తోడడానికి గాలిమరలు పెడదామని 1680ల్లో ఈ కొండల మీదికి పదే పదే వచ్చాడు. అవి సరిగ్గా పనిచెయ్యలేదు. ఆయన చేయించిన లెక్కల యంత్రాన్ని తర్వాతి కాలంలో ఎవరో మరమ్మతుకని పక్కనున్న గ్యోటింగెన్ పట్నానికి పంపారు. పంపినవాళ్లు మరిచారు, తీసుకున్నవాళ్లు మరిచారు. అది విశ్వవిద్యాలయం అటక మీద సుమారు వందేళ్లు పడి ఉండి 19వ శతాబ్దం చివర్లో దొరికింది. ఇప్పుడు హానోవర్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

మీరు పాత కంప్యూటరు ఎక్కడికైనా పంపుతుంటే ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి. పంపేముందే కొత్త బ్యాటరీ వేసి, బయోస్‌లోని ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీసి, ఆ ఫొటోలు అందుకునేవాళ్లకు పంపండి. గ్రాఫిక్స్ కార్డునూ, బరువైన హీట్ సింకునూ విప్పి విడిగా చుట్టండి, విప్పామని ఒక కాగితం మీద రాసి పెట్టె లోపలే అంటించండి. పెట్టెను నిలబెట్టకుండా, మదర్‌బోర్డు కింద నేలలా పరుచుకునే పక్కకి పడుకోబెట్టి, అన్ని వైపులా నాలుగు వేళ్ల మందం మెత్తటి దన్ను పెట్టి, ఏ పక్క పైకి ఉండాలో అట్టపెట్టె మీద బాణం గుర్తు వెయ్యండి.